ఆ ఒకరు ఎవరు?

ఫిబ్రవరి 2

పొద్దున్నే తరగతి తలుపు మీద కాగితం. జిగురు ఇంకా ఆరలేదు, వేలికి అంటుకుంది. "మహిళా విభాగంలో హదీసు ఆఖరి సంవత్సరం ఇకపై ఉండదు. విద్యార్థినులు కుట్టుపని, గృహ నిర్వహణ తరగతుల్లో చేరవచ్చు." కింద ప్రిన్సిపాల్ సంతకం, అంటే మా అన్నయ్యది. అన్నయ్య సంతకానికి తోక ఎప్పుడూ పొడుగే. ఈసారి కాగితం దాటి తలుపు దాకా వచ్చింది.

పిల్లలు పదకొండు మంది వరండాలో సంచులు పట్టుకుని నిలబడ్డారు. ఇన్నేళ్లు చదివి, ప్రవక్త గారి మాటలున్న హదీసు గ్రంథంలో ఆఖరి భాగం ఒక్కటే మిగిలిన పిల్లలు. ఆ భాగం గురువు ముందు గొంతెత్తి చదవకపోతే ఇంతవరకు చదివినదంతా చదివినట్టు కాదు, ఎక్కడా పాఠం చెప్పే అనుమతి రాదు. ఇంకో చోటయితే కొంత వినిపించి మొత్తానికి అనుమతి ఇచ్చేస్తారు. మా విద్యాలయంలో కుదరదు. ఒక్క వాక్యం వదిలినా "మొత్తం విన్నాను" అనకూడదు. నాన్న పట్టు అది, నాన్నకు ముందు ఆయన గురువుది.

కొందరు ఏడ్చారు. సందేహాలమ్మ ఏడవలేదు. తోటి పిల్లలు పెట్టిన పేరు అది. తండ్రి బస్సు కండక్టరు, ఆయన టికెట్ అడిగినట్టు ఈ పిల్ల ప్రతి మాటకూ ఆధారం అడుగుతుంది.

"టీచరమ్మా, కుట్టుమిషను తొక్కడానికి ఇంత అరబ్బీ వ్యాకరణం ఎందుకు నేర్పారండీ?" అంది.

మామూలుగా అయితే నవ్వేదాన్ని. "ఇంటికెళ్లి మిగతా భాగం చూసుకోండి, చదివిస్తాను" అన్నాను. ఎక్కడ, ఎలా అని అడిగారు. తెలియదు. చదివిస్తాను.

ఫిబ్రవరి 3

అన్నయ్య గదికి వెళ్లాను. నాన్న కూర్చునే నేలపరుపు, వాలుబల్ల తీసేశారు. తిరిగే కుర్చీ వచ్చింది. అన్నయ్య అందులో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడాడు.

"కార్యదర్శి పట్టుబట్టాడు. నేనేం చేయను?"

"సంతకం కార్యదర్శి పెట్టాడా?"

"నువ్వు అర్థం చేసుకోవాలి. వచ్చే నెల పట్టాల సభ. ఆరోజే సలహా సంఘం కూర్చుంటుంది. అతని మనుషులు నా వెనక లేకపోతే నేను ఈ గదిలో ఉండను. ఈ ఏడాదికి కాస్త సర్దుకో."

"సర్దుకోవడానికి ఇదేమన్నా బస్సులో సీటా అన్నయ్యా?"

కుర్చీ తిరగడం ఆగింది. "నువ్వెప్పుడూ ఇంతే. నాన్న నిన్ను నెత్తికెక్కించుకున్నాడు."

"నెత్తికెక్కించుకోలేదు. తెర వెనక కూర్చోబెట్టాడు, పాఠం నాకూ వినపడేలా."

అన్నయ్య కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ కుర్చీతో ఆ సౌకర్యం ఒకటి ఉంది.

నాన్న సంతాప సభలోనే కార్యదర్శి లేచి కొత్త ప్రిన్సిపాల్‌గా అన్నయ్య పేరు ప్రకటించాడు. అంతా కళ్ళు తుడుచుకుంటున్నారు, కాదనేవాళ్ళు ఎవరు? సలహా సంఘాన్ని ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి సగం మంది మాస్టార్లు పాఠాలు మానేశారు. గేటుకు ఇటో గుంపు, అటో గుంపు, మధ్యలో బల్ల వేసుకుని ఇద్దరు పోలీసులు. వాళ్ళకు టీ మాత్రం రెండు గుంపులూ పోటీపడి ఇస్తున్నాయి.

ఫిబ్రవరి 4

నాకు అన్నయ్య మీద కోపం లేదు. కూర మాడింది, అంతే.

ఫిబ్రవరి 6

వ్యాకరణం మాస్టారు కళ్ళజోడు కాడ విరిగిందని మా ఆయన కళ్ళద్దాల షాపుకు వచ్చారు. ఆ కళ్ళజోడు మొన్ననే చేసిచ్చాడట. "ఈయన నీతో మాట్లాడ్డానికే విరగ్గొట్టుకున్నారు" అని మా ఆయన గుసగుసగా చెప్పి, లోపలి గదిలో కూర్చోబెట్టాడు. షాపు వెనకే మా ఇల్లు. నేను టీ తీసుకుని వెళ్లాను.

మాస్టారు నాన్నకు సహాయకుడిగా చేరి, నాన్న పోయేదాకా ఉన్నారు. ఇప్పుడు పాఠాలు మానేసిన వాళ్ళలో ఆయనే పెద్ద.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకమ్మా. ఆఖరి భాగం చదివించేటప్పుడు మీ అన్నయ్య సనదులో నీ పేరు ఎందుకు చెప్పడు?"

సనదు వింటూ పెరిగినదాన్ని నేను. 'నేను ఫలానా వారి దగ్గర విన్నాను, వారు ఫలానా వారి దగ్గర విన్నారు' అని పేరు పేరునా ప్రవక్త గారి వరకు చెప్పాకే నాన్న పాఠం మొదలుపెట్టేవాడు. అన్నయ్య కూడా చెబుతాడు. 'నేను నాన్న దగ్గర విన్నాను' అని మొదలుపెడతాడు.

"అందులో నా పేరెందుకు వస్తుంది మాస్టారూ?"

"అదేంటమ్మా! ఆఖరి భాగం జరుగుతుంటే అతను కామెర్లతో మీ పిన్ని ఇంట్లో పడుకున్నాడు కదా. లేచాక నీ దగ్గర కూర్చుని చదవమన్నారు మీ నాన్న. చదివేశానని నా ఎదుటే చెప్పాడు."

టీ గ్లాసు కింద పెట్టాను.

నేను రోజూ పుస్తకం తీసుకుని కూర్చునేదాన్ని. అన్నయ్య "రేపు" అనేవాడు. కొన్నాళ్లకు అనడం కూడా మానేశాడు. నాన్నే విని ఉంటాడనుకున్నాను. నాన్న, నేను విన్నాననుకున్నాడు. ఇన్నేళ్లూ మేమిద్దరం ఒకరి మీద ఒకరం భరోసా పెట్టుకుని ఉన్నాం. మధ్యలో ఆ భాగాన్ని ఎవరూ వినలేదు.

మాస్టారికి కూడా అప్పుడే అర్థమైంది. కాడ లేని కళ్ళజోడునే కళ్ళకు ఆనించుకుని నన్ను చూశారు. తర్వాత ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. ఆ వెలుగు నాకు నచ్చలేదు.

"సలహా సంఘంలో ఈ ముక్క చెప్పు చాలు. సాయంత్రానికి అతను దిగిపోతాడు."

దిగిపోతాడు, నిజమే. కానీ అన్నయ్య దగ్గర చదివి వెళ్లిన వాళ్ళు ఎన్ని ఊళ్లలో పాఠాలు చెప్పుకుంటున్నారు? వాళ్ళ సనదు మధ్యలో తెగి ఉందని సభలో అరిస్తే వాళ్ళ గతేమిటి? వాళ్ళు ఏ తప్పూ చేయలేదు, గురువును నమ్మారు.

"చెప్పను మాస్టారూ. అన్నయ్య చేతే చదివిస్తాను."

"అతను నీ ముందు కూర్చుంటాడా?"

"కూర్చోబెడతాను."

ఫిబ్రవరి 7

చోటు దొరికింది. మా ఆయన ఆలోచన. షాపులో కళ్ళు పరీక్ష చేసే గది పొడుగ్గా ఉంటుంది, తలుపు వేస్తే బయటి రొద వినపడదు. మధ్యాహ్నాలు బేరాలు ఉండవు. పిల్లలు ఇద్దరిద్దరుగా కళ్ళ పరీక్షకు వచ్చినట్టు వస్తారు.

గోడ మీద పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల దాకా ఉన్న అట్ట. దాని కింద నేను. ఎదురుగా చాప మీద పిల్లలు. మొదటి వాక్యం చదువుతుంటే సందేహాలమ్మ గొంతు వణికింది. నాకూ వణికేదే, నాది వినే వంతు కాబట్టి బయటపడలేదు.

ఫిబ్రవరి 10

పాఠం మధ్యలో ఒక పిల్ల కునికింది. ఆపించాను. నిద్రపోయిన చెవి విననట్టే లెక్క, ఆ పేజీ మొదటి నుంచి మళ్లీ చదివించాను. అందరూ ఆ పిల్ల వైపు గుర్రుగా చూశారు. నాన్న దగ్గర నాకూ ఇలాగే అయ్యేది. తెర వెనక కునికితే ఎలా తెలిసేదో, పేరు పెట్టి పిలిచి మరీ వెనక్కి వెళ్లేవాడు. మగపిల్లలంతా నన్ను తిట్టుకునేవారు.

తర్వాత, మొదటి ఏడాదిలో చెప్పిన సనదుల పాఠం మళ్లీ ఒకసారి.

"పెద్ద పండితుడు, ఎప్పుడూ అబద్ధమాడని వాడు, 'నాకు నమ్మకమైన ఒకరి దగ్గర విన్నాను' అని పేరు చెప్పకుండా వదిలేశాడు. ఏం చేస్తాం?"

"ఆ ఒకరు ఎవరు అని అడుగుతాం" అంది సందేహాలమ్మ.

"చెప్పకపోతే?"

"బలహీనం అని పక్కన పెడతాం."

"చెప్పినాయన అంత పెద్దవాడయినా?"

"ఆయన పెద్దరికం ఆయనకే టీచరమ్మా. ఆ ఒకరు ఎవరో మనకు తెలియాలి కదా."

ఆ అమ్మాయికి సున్నితం తక్కువ. మార్చాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఫిబ్రవరి 12

కార్యదర్శి షాపుకు వచ్చాడు. నేను గదిలో, ఓరగా తీసిన తలుపు వెనక. పిల్లలు ఊపిరి బిగబట్టారు.

"ఏమండీ, మా విద్యాలయం ఆడపిల్లలందరికీ ఒకేసారి చూపు తగ్గిందా?"

"అవునండీ" అన్నాడు మా ఆయన. "తరగతి గది తలుపు మీద ఏదో కాగితం అంటించారట కదా, ఎంత చదివినా అర్థం కావట్లేదంటున్నారు. మీరూ కూర్చోండి, మీకు దగ్గరి చూపు పోయినట్టుంది."

కార్యదర్శి కూర్చోలేదు. వెళ్లేటప్పుడు అన్నయ్యకు చెబుతానన్నాడు. చెప్పనీ. నేనే వెళ్లి చెబుతాను.

ఫిబ్రవరి 13

వెళ్లాను. తలుపు వేసి, నిలబడే చెప్పాను. కామెర్లు, పిన్ని ఇల్లు, "రేపు" అన్నది, నాన్నతో "అయింది" అన్నది.

అన్నయ్య "బెదిరిస్తున్నావా?" అన్నాడు.

"బెదిరించాలంటే సంఘానికి చెప్పేదాన్ని. నీకు చెబుతున్నాను."

"ఆ భాగం నాకు కొట్టిన పిండి. ఎన్నిసార్లు చదివించానో తెలుసా?"

"చదివించావు. నువ్వు ఎవరి దగ్గర విన్నావు?"

కుర్చీ తిప్పబోయాడు. నేను కుర్చీ చెయ్యి పట్టుకుని ఆపాను. మా చిన్నప్పుడు ఉయ్యాల దగ్గర చేసినట్టే.

"నువ్వొచ్చి నా దగ్గర చదువు. నాన్న చెప్పిందే చెబుతున్నాను, కొత్తగా ఏమీ కల్పించలేదు. రెండోది, నా పిల్లలు ఆఖరి భాగం నా దగ్గర పూర్తి చేస్తున్నారు. పట్టాల సభలో తెర వెనక కూర్చుంటారు, ఆఖరి పాఠం అందరితో పాటు వింటారు. కార్యదర్శి ఒప్పుకుంటాడా లేదా అన్నది నువ్వు చూసుకో."

"చెల్లెలి ముందు కూర్చుని పాఠం అప్పజెప్పమంటావు. ఈ వయసులో."

"ఆ వయసులో చదివి ఉంటే ఈ వయసులో పని ఉండేది కాదు."

బయటికి పొమ్మన్నాడు. వచ్చేశాను.

ఫిబ్రవరి 14

నాకు పేరు అక్కర్లేదు. సనదు సరిగ్గా ఉంటే చాలు.

ఫిబ్రవరి 17

వదిన కళ్ళజోడు తుడిపించుకునే వంకతో వచ్చింది. ఈ మధ్య మా షాపుకు కళ్ళ కోసం వచ్చేవాళ్ళే కరువయ్యారు.

"ఏమన్నావే ఆయన్ని? అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నారు. ఆ గ్రంథం ఆఖరి భాగం తెరిచి పెట్టుకుంటారు, చదవరు, మూసేస్తారు. అడిగితే నా మీద విరుచుకుపడతారు."

"మధ్యాహ్నం రెండు గంటలప్పుడు షాపు ఖాళీగా ఉంటుందని చెప్పు వదినా."

"కళ్ళు బాగానే ఉన్నాయిగా ఆయనకి?"

"ఉన్నాయి. చెప్పు చాలు."

ఫిబ్రవరి 18

రాలేదు.

ఫిబ్రవరి 19

రాలేదు. నాకేం, పిల్లల పాఠం బాగా సాగింది.

ఫిబ్రవరి 21

వచ్చాడు.

షట్టరు సగం దించి ఉంటే వంగి లోపలికి వచ్చాడు. మా ఆయన ఏమీ అడగకుండా గది తలుపు తీసి, తను బయట స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కళ్ళ పరీక్ష కుర్చీ ఒక్కటే ఉంది. అన్నయ్య దాని మీద కూర్చోబోయి, నన్ను చూసి, చాప మీద కూర్చున్నాడు. నన్ను కుర్చీ మీద కూర్చోమన్నాడు. గురువు కింద కూర్చుంటే శిష్యుడు పైన కూర్చోకూడదు. ఆ అలవాటు ఒంట్లో ఉంది, ఎక్కడికి పోతుంది?

మొదలుపెట్టాడు. అన్నయ్య గొంతు బాగుంటుంది. నాన్న గొంతే. మూడో పేజీలో ఒక మనిషి పేరు తప్పు పలికాడు. సరిచేశాను.

"నేను ఎప్పుడూ ఇలాగే చెబుతాను" అన్నాడు.

"అందుకే. నాన్న పలికించింది నువ్వు వినలేదు."

ముఖం ఎర్రబడింది. పేజీ మీద వేలు అక్కడే ఉంది. నేను పలికినట్టు పలికాడు. అలా ఇన్నేళ్లు ఎంతమందికి తప్పు నేర్పాడో తనే లెక్క వేసుకుంటున్నట్టు చాలాసేపు ఆ పేరు మీదే ఉండిపోయాడు. నాకు జాలేసింది. జాలి చూపిస్తే లేచిపోతాడని "ముందుకు పద" అన్నాను.

ఫిబ్రవరి 25

వివరణలు లేని ఒట్టి చదువు కాబట్టి ఈరోజుకు పూర్తయింది. ఆఖరి వాక్యం అయ్యాక ఇద్దరం చేతులు చాచి దువా చేసుకున్నాం. అన్నయ్య కళ్ళు ఒత్తుకున్నాడు. దుమ్ము అన్నాడు. అద్దాలు తుడిచే షాపులో దుమ్మెక్కడిది, అయినా ఒప్పుకున్నాను.

లేచేటప్పుడు, "సభలో నీ పేరు చెప్పాలా?" అని అడిగాడు.

"నేను వినడం వరకే. చెప్పడం నీ ఇష్టం."

"చెబితే అప్పుడు చదవలేదని అందరికీ తెలుస్తుంది. కార్యదర్శి మనుషులు లేచిపోతారు. ఆడమనిషి దగ్గర, అందులో చెల్లెలి దగ్గర అని..."

"నీ ఇష్టం అన్నానుగా."

"పిల్లల్ని రమ్మను. తెర వేయిస్తాను." ఆ మాట మాత్రం గట్టిగా అన్నాడు.

నాకు పేరు అక్కర్లేదు.

మార్చి 3

పిల్లలు చివరి పాఠం ఒక్కటి మిగిల్చి అంతా పూర్తి చేశారు. అది సభలో వినడానికి. కునికిన పిల్లే అందరికంటే బాగా చదివింది. మా ఆయన అందరికీ ఉచితంగా కళ్ళు పరీక్ష చేశాడు. ఇద్దరికి నిజంగానే అద్దాలు కావాలట.

మార్చి 5

పట్టాల సభ. ఇంకా చెవుల్లో హోరు తగ్గలేదు, అయినా ఇప్పుడే రాస్తాను.

హాలు నిండిపోయింది. ఎక్కడెక్కడి నుంచో పాత విద్యార్థులు వచ్చారు. ముందు వరసలో సలహా సంఘం. ఒక పక్క కార్యదర్శి మనుషులు, ఇంకో పక్క వ్యాకరణం మాస్టారి వాళ్ళు. రెండు పక్కలా తగువుకు సిద్ధంగా వచ్చిన ముఖాలే. మాకు పక్క గదిలో తెర. తెర పలచన, వేదిక మీద అన్నయ్య నీడలా కనిపిస్తున్నాడు. పిల్లలు పదకొండు మంది ఒళ్ళో పుస్తకాలు తెరుచుకున్నారు.

అన్నయ్య సనదు మొదలుపెట్టాడు. హాలంతా కలాలు పట్టుకుంది, సనదు రాసుకోవడం మా దగ్గర ఆనవాయితీ.

"ఈ గ్రంథం నేను మా నాన్నగారి దగ్గర విన్నాను" అన్నాడు. ఆగాడు. "ఆఖరి భాగం తప్ప. ఆఖరి భాగం, మా ఇంట్లో నమ్మకమైన ఒకరి దగ్గర విన్నాను. ఆ ఒకరు మా నాన్నగారి దగ్గర విన్నారు. నాన్నగారు వారి గురువు దగ్గర..."

గొంతు సాగిపోతోంది. అబద్ధం లేదు. నా పేరూ లేదు. సగం ధైర్యం చేశాడు, అది అన్నయ్యకు చాలా ఎక్కువ. సంతోషించాలి అనుకున్నాను. నాకు పేరు అక్కర్లేదు, నాకు పేరు అక్కర్లేదు అని లోపల అనుకుంటూ తల వంచుకున్నాను.

నా పక్కన చాప కదిలింది. సందేహాలమ్మ లేచి నిలబడింది. కొంగు పట్టుకుని లాగాను, ఆగలేదు.

"ఆ ఒకరు ఎవరండీ?"

తెర దాటి హాలంతా వినపడింది. కండక్టరు కూతురు గొంతు, మైకు అక్కర్లేదు. అటు కలాలు ఆగిపోయాయి. కార్యదర్శి "ఎవరక్కడ! కూర్చోబెట్టండి!" అని అరిచాడు.

"పేరు లేకపోతే బలహీనం కదండీ" అంది ఆ పిల్ల. పొగరు లేదు, పాఠంలో అడిగినట్టే అడిగింది. "మేం ఎలా రాసుకోవాలి?"

ఇంకెవరైనా అడిగి ఉంటే రాజకీయం అనేవారు. ఇది మా మొదటి ఏడాది పాఠం. హాల్లో ఉన్న ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పి పరీక్ష గట్టెక్కినవాడే. అన్నయ్య దగ్గర చదివిన వాళ్ళకు అన్నయ్యే నేర్పాడు. మగవాళ్ళ వైపు నుంచి కూడా ఒక గొంతు మెల్లగా, "అవును సార్, ఎవరు?" అంది. ఇంకో గొంతు. అందరూ కలాలు ఎత్తిపట్టుకుని చూస్తున్నారు.

తెరలోంచి అన్నయ్య నీడ చూశాను. ఈరోజు తిరిగే కుర్చీ లేదు, నేల మీద నాన్న వాలుబల్ల. ఎటూ తిరగడానికి లేదు. తలపాగా సర్దుకున్నాడు.

"ఆ అమ్మాయి అడిగింది న్యాయం" అన్నాడు. "చిన్నప్పుడు జబ్బుపడి ఆఖరి భాగం వినలేదు. విన్నానని అబద్ధం చెప్పాను. నా దగ్గర చదివిన మీ అందరికీ బాకీ పడ్డాను. వచ్చే వారం నుంచి ఆ భాగం మళ్లీ చదివిస్తాను, వీలైనవాళ్ళు ఉండండి. మొన్న ఆ భాగం నేను మా చెల్లెలి దగ్గర చదివాను. మూడో పేజీలో నా తప్పు కూడా దిద్దింది. రాసుకోండి."

నా పేరు చెప్పాడు. నాన్న పేరుతో కలిపి, పూర్తిగా, సనదులో చెప్పాల్సిన పద్ధతిలో. ఒకసారి చెప్పి, రాసుకునేవాళ్ళ కోసం నెమ్మదిగా ఇంకోసారి చెప్పాడు.

కార్యదర్శి మనుషులు కుర్చీలు తోసుకుంటూ లేచిపోయారు. వ్యాకరణం మాస్టారు కూర్చునే ఉన్నారు. ఆయన వైపు వాళ్ళు ఎవరో చప్పట్లు కొట్టబోతే, "రాసుకోండయ్యా ముందు" అని కసిరారు. అన్ని కలాలు ఒక్కసారి గీసిన చప్పుడు తెర ఇవతలికి కూడా వచ్చింది. నా పిల్లలూ రాసుకున్నారు. సందేహాలమ్మ నా వైపు చూసి, "ఇలాగేనా టీచరమ్మా, సరిగ్గా రాశానా?" అని పుస్తకం చూపించింది. చూడలేకపోయాను, కళ్ళు నిండిపోయాయి. సరిగ్గానే ఉందన్నాను.

మార్చి 6

సలహా సంఘం అన్నయ్యను ఉంచాలా దించాలా ఇంకా తేల్చలేదు. పొద్దున వదిన తరగతి గది తాళంచెవి తెచ్చి ఇచ్చింది. "ఆయన పంపారు. తలుపు మీద కాగితం తనే గీకేస్తానన్నారు, సగమే వచ్చిందట." మిగతా సగం నేను నీళ్ళు పోసి నానబెట్టి తీసేశాను.

నాకు పేరు అక్కర్లేదని ఈ పుస్తకంలో ఎన్నిచోట్ల రాశానో. అవేవీ కొట్టేయను. కానీ ఇక్కడ నిజం రాస్తున్నాను, ఎవరూ చదవరు కాబట్టి: కావాలి. తెర వెనక కూర్చున్న రోజు నుంచి కావాలనే ఉంది. నిన్న నాన్న పేరుకు ముందు నా పేరు వినపడింది. సోమవారం కొత్త పిల్లలకు సనదు చెప్పాలి, నా పేరుతో మొదలుపెట్టమంటాను.